ఆళ్లగడ్డ శిల్పి కంబళిని

నేను దక్కను జాతి నల్లగొర్రెల ఉన్నిని. కురువల ఇంట్లో ఆడవాళ్ళు వడికారు, మగవాళ్ళు మగ్గం మీద నేశారు. పడుగుకు చింతగింజల గంజి పట్టించారు కాబట్టి నాకు బిగువు ఎక్కువ. ఉన్ని తన బరువులో మూడో వంతు దాకా తేమ పీల్చుకున్నా ఒంటికి తడి తెలియనివ్వదు. అందుకే గొర్రెల కాపరి నాలాంటిదాన్ని కప్పుకుని వానలో కూడా మంద దగ్గర కునుకు తీయగలడు. నేను మాత్రం కాపరి భుజమెక్కలేదు. నంద్యాలలో ఒకామె నన్ను బేరమాడి కొని, బస్సులో ఆళ్లగడ్డ తీసుకొచ్చింది. ఆమె భర్త శిల్పి.

ఆళ్లగడ్డలో పొద్దు పొడవకముందే ఉలి చప్పుడు మొదలవుతుంది. ఇక్కడ చెక్కిన దేవుళ్ళు లారీలెక్కి ఎక్కడెక్కడి గుళ్ళకో పోతారు. ఆయనా ఆ పనిలోనే పెరిగాడు. ఒక గుడి గోపురం దగ్గర పరంజా మీదినుంచి పడ్డాడు. ఛాతీ భాగంలో నాలుగో వెన్నుపూస విరిగి, దాని లోపలి వెన్నుపాము నలిగిపోయింది. చేతులు దక్కాయి. రొమ్ము మధ్య నుంచి కిందికి కదలికా లేదు, స్పర్శా లేదు.

నంద్యాల జిల్లా అంటే ఎండలే గుర్తొస్తాయి. ఆసుపత్రి నుంచి పంపేటప్పుడు ఎండలో జాగ్రత్తగా ఉండమన్నారు, మంచిమాటే. ధనుర్మాసం సంగతి మాత్రం ఎవరూ ఎత్తలేదు. ఎత్తకపోవడమే నాకు బాధ. నల్లమల వైపునుంచి గాలి దిగే తెల్లవారుజామున మామూలు మనిషికి ఒక దుప్పటి చాలు. ఆయనకు చాలదు.

ఎందుకు చాలదో ఆయన ఒంటి మీద పడుకున్న నాకు తెలుసు. వేడి నాలో పుట్టదు. పోగుల మధ్య గాలిని బంధించి, మనిషి ఒంట్లో పుట్టిన వేడిని బయటికి పోకుండా ఆపడమే నా పని. చలి తగలగానే చర్మం మెదడుకు కబురు పంపుతుంది. మెదడు కండరాలను వణకమంటుంది, చర్మం కింది రక్తనాళాలను ముడుచుకోమంటుంది. ఆ కబుర్లు పోయేదీ వచ్చేదీ వెన్నుపాము దారినే. ఆయనకు ఆ దారి ఛాతీ దగ్గర తెగింది. మెడా భుజాలూ వణుకుతాయి. ఎక్కువ వేడి పుట్టించగల తొడలు, పిరుదులు వణకవు. కాళ్ళలో నాళాలకు ముడుచుకొమ్మనే ఆజ్ఞ అందదు. అక్కడినుంచి వేడి కారిపోతూనే ఉంటుంది, ఆయనకేమో చలి తెలియదు. ఒళ్ళు 35 డిగ్రీల కిందికి జారితే అది ప్రాణానికే ప్రమాదం. అప్పుడు నన్ను తెచ్చి కప్పినా నేనొక్కదాన్నే చాలను. వేడి అంతగా పుట్టని ఒంటిని నేను త్వరగా వెచ్చబరచలేను. నన్ను చలి రాకముందే కప్పాలి.

మొదటి చలికాలంలో ఇంట్లో ఈ సంగతి తెలియక జరిగింది చెబుతాను. పక్కింటి పెద్దమ్మ వచ్చి ఆయన పాదాలు పట్టుకు చూసింది. "అయ్యో నాయనా, మంచుగడ్డల్లా ఉండాయి కదప్పా" అని వాళ్ళింటి కుంపటి తెచ్చి మంచం కాళ్ళవైపు పెట్టింది. ఆమెది ప్రేమే, అందులో అనుమానం లేదు. ఆయన హాయిగా నిద్రపోయాడు. తెల్లారి భార్య నన్ను తొలగించి చూస్తే మడమ మీద బొబ్బ. మనకైతే మంట తెలుస్తుంది, కాలు వెనక్కి తీసుకుంటాం. ఆయనకు ఆ మంట తెలియదు. 45 డిగ్రీల వేడి, మన చేతికి ఓర్చుకోగలిగినంతే అనిపించేది, గంటల తరబడి ఒకేచోట తాకితే చర్మాన్ని కాలుస్తుంది. వేడినీళ్ళ సీసా, కరెంటు దుప్పటి, ఒళ్ళో పెట్టుకున్న అన్నం గిన్నె, ఏదైనా సరే. ఆయన మడమ మీది పుండు మానడానికి చలికాలమంతా పట్టింది.

తర్వాత ఆయన వేలూరు వెళ్ళాడు, నేనూ వెంట వెళ్ళాను. రాయలసీమ వాళ్ళకు వేలూరు ఎప్పటినుంచో పెద్దాసుపత్రి. అక్కడి క్రైస్తవ వైద్య కళాశాలలో పనిచేసిన మేరీ వర్గీస్ అనే డాక్టరమ్మకు 1954లో రోడ్డు ప్రమాదంలో వెన్ను దెబ్బతిని కాళ్ళు పడిపోయాయి. ఆమె చక్రాల కుర్చీలోనే కూర్చుని కుష్ఠు రోగుల చేతులకు శస్త్రచికిత్సలు చేసింది. 1966లో ఆ ఊళ్ళోనే బాగాయంలో మొదలైన పునరావాస కేంద్రం వెనుక ఉన్నది ఆమె పట్టుదలే. కుర్చీలో కూర్చుని కత్తి పట్టినామె కథ విన్న రోజు మా శిల్పి చాలాసేపు మాట్లాడలేదు. ఆ రాత్రి భార్యతో, "చిన్న ఉలులు దాచిపెట్టినావా?" అని మాత్రం అడిగాడు.

నా లోపాలు కూడా అక్కడే బయటపడ్డాయి. నేను మొరటుదాన్ని. కాపరి భుజానికి నా గరుకు అలవాటే, కానీ స్పర్శలేని చర్మాన్ని అది రాత్రంతా రాస్తే గీరుకుపోతుంది. అందుకని నాకూ ఆయనకూ మధ్య ఇప్పుడొక మెత్తటి నూలుచీర ఉంటుంది. నా అంచు మడతపడి ఆయన నడుము కిందికి పోతే ఒత్తిడి పుండు లేస్తుంది. నా బరువు మూత్రం పోవడానికి పెట్టిన గొట్టాన్ని నలిపితే ఇంకా చేటు. ఆరో ఛాతీ వెన్నుపూస దగ్గర గానీ దానికి పైన గానీ దెబ్బతిన్నవాళ్ళకు మూత్రాశయం నిండిపోయినా, మేజోడు బిగిసినా ఒక్కసారిగా రక్తపోటు పైకెగుస్తుంది. తల పగిలిపోయే నొప్పి, ముఖమంతా చెమట. అప్పుడు పడుకోబెట్టకూడదు. లేపి కూర్చోబెట్టి, బట్టలు వదులుచేసి, గొట్టం ఎక్కడ నలిగిందో చూడాలి. తగ్గకపోతే వెంటనే ఆసుపత్రికి పోవాలి.

చలికి ఆయన కాళ్ళు వాటంతటవే బిగుసుకుని ఎగిరిపడతాయి. ఏ రాత్రివేళో ఒక్క తన్నుతో నన్ను కిందికి తోసేస్తాయి, ఆయనకేమో తెలియదు. అందుకే ఆమె నన్ను పరుపు కింద వదులుగా దోపుతుంది. మధ్యలో మెలకువ వచ్చినప్పుడు ఆయనే చెయ్యి చాచి తొడ తాకి చూసుకుంటాడు. తొడ సంగతి చేతిని అడగడం నేర్చుకున్నాడు. తలకు మంకీ టోపీ, కాళ్ళకు బిగువులేని ఉన్ని మేజోళ్ళు, ఒంటికి ఒక మందపాటి స్వెట్టర్ బదులు రెండు మూడు పలచటి చొక్కాలు. పొరల మధ్య నిలిచే గాలే ఆయనకు కాపు. మూత్రంతో తడిసిన బట్టను అప్పటికప్పుడు మార్చేస్తారు.

ఇప్పుడు ఆయన షెడ్డులో బల్ల ముందు, ఛాతీకి పట్టీ కట్టుకుని, జానెడు వినాయకులను చెక్కుతాడు. చలి పొద్దుల్లో రాయి ముట్టుకుంటే వేళ్ళు కొంకర్లు పోతాయి. అందుకని ఎండ షెడ్డులోకి వచ్చాకే ఉలి పడతాడు. నేను ఆయన ఒళ్ళో ఉంటాను. రాతిపొడి నా నిండా పడుతుంది, సాయంత్రం ఆమె దులుపుతుంది. 2024 జూలై నుంచి ఆంధ్రప్రదేశ్‌లో మంచానికో చక్రాల కుర్చీకో పరిమితమైన ఇలాంటివాళ్ళకు నెలకు 15,000 రూపాయల పింఛను ఉంది. ఒత్తిడి పుండ్లు రానివ్వని పరుపు ఆ డబ్బుతోనే వచ్చింది.

మీ వీధిలో వెన్ను దెబ్బతిన్న మనిషి ఉంటే కార్తీకం దాటకముందే ఒకసారి ఆ ఇంటికి వెళ్ళండి. కిటికీ సందులు మూయడానికి సాయం చేయండి, ఒక టోపీ ఇవ్వండి, కాళ్ళు ఆరిన బట్టలో ఉన్నాయో లేదో ఇంటివాళ్ళను చూడమనండి. కుంపటి మాత్రం తీసుకెళ్ళకండి.