స్థానభ్రంశ యోగము

లోకములో ఏ పనియు చేతగానివానికి సైతము మిక్కిలి చక్కగా చేతనైన పని యొకటి కలదు. అది, పని చేయుచున్నవాడు ఆ పనికి తగడని నిరూపించుట. ఈ విద్యకు గురువు అక్కరలేదు. ఒక సోఫాయు, దాని ముందొక టీవీయు, పక్కన వినువాడొకడును చాలును. అందును మా బంజారా హిల్సులో ఈ విద్య గాలిలోనే యున్నది. శుక్రవారము తొలి ఆట విశ్రాంతి దాకనైనను నడువకమునుపే, ఫలానా కథానాయకుని పని అయిపోయినదనియు, ఇక తప్పుకొనుట అతనికి మర్యాద యనియు తీర్పు చెప్పి, వచ్చు సంక్రాంతికి అతని చిత్రమొకటి ఆడెనా, ‘మేము ముందే చెప్పలేదా’ యని మీసము దువ్వుకొనువారు అన్నపూర్ణా స్టూడియో గోడ మొదలుకొని ఫిలింనగర్ మలుపు వరకు ప్రతి టీ బడ్డీయొద్దను దర్శనమిత్తురు. స్థానము తప్పినవాడు శోభింపడని మన నీతికారులు ఊడిన పంటిని, రాలిన వెంట్రుకను సాక్ష్యముగా చూపి చెప్పియుండుటచే, ఈ తీర్పరులకు శాస్త్రబలమునకు సైతము కొదువ లేదు.

మా యింట ఈ న్యాయస్థానము శనివారము రాత్రులందు కొలువుదీరును. ప్రధాన న్యాయమూర్తి మా మేనల్లుడు. హైటెక్ సిటీలో ఉద్యోగము, మా యింట భోజనము, మాంచెస్టర్ యునైటెడ్‌పై భక్తి, ఇవి మూడును అతని జీవితమునకు ఆధారములు. ఎన్నడును ఇంగ్లండు ముఖము చూచినవాడు కాకపోయినను, ఆ జట్టు ఓడిన మరునాడు నియమము తప్పక మైల పట్టును. రెండవవాడు పై అంతస్తులోని కో-డైరెక్టరు. చిరకాలముగా రేపోమాపో దర్శకుడు కాబోవుచున్నాడు. మూడవవారు పక్క ఫ్లాటులోని విశ్రాంత పోలీసు అధికారి. ఆయన దృష్టిలో ఫుట్‌బాల్ అనునది 1963లో పరమపదించినది, నేడు టీవీలో కనిపించునది దాని తద్దినము మాత్రమే.

ముద్దాయి పేరు హ్యారీ మగ్వైర్. 2019లో లెస్టర్ సిటీకి 8 కోట్ల పౌండ్లు చెల్లించి, అంతవరకు ప్రపంచములో ఏ డిఫెండరుకును పలుకని ధరకు యునైటెడ్ వారితనిని తెచ్చుకొనిరి. కొలది నెలలకే కెప్టెన్సీయు కట్టబెట్టిరి. నాటినుండియు ఆ ధరయే అతని మెడకు గుదిబండ యైనది. అతడొక తప్పటడుగు వేసినప్పుడెల్ల జనులు అడుగును విడిచి ధరను లెక్కించిరి. 2022లో ఘనా దేశపు పార్లమెంటులో బడ్జెట్‌పై చర్చ జరుగుచుండగా, ఐజాక్ అడోంగో అను సభ్యుడు తమ ఉపాధ్యక్షుని ఆర్థిక నిర్వహణమును మగ్వైర్ ఆటతో పోల్చి సభను నవ్వించెను. ఒక దేశపు బొక్కసమునకు వేరొక దేశపు డిఫెండరును ఉపమానముగా తెచ్చిన ఘనత కాళిదాసునకైనను దక్కియుండలేదు. 2023 జూలైలో మగ్వైర్‌కు కెప్టెన్సీ పోయెను. సెప్టెంబరులో ఇంగ్లండు తరఫున స్కాట్లండుతో ఆడుచు బంతిని తన గోలులోనికే పంపెను. అంతలో ఏ గ్రహము కలిసివచ్చెనో, నవంబరు నెలకు ప్రీమియర్ లీగ్‌లో ఉత్తమ ఆటగాడై కూర్చుండెను. అడోంగోగారు మరల లేచి మగ్వైర్‌కు క్షమాపణ చెప్పుకొనిరి. ఉపాధ్యక్షునికి మాత్రము చెప్పలేదు.

మా న్యాయస్థానము క్షమాపణల జోలికి పోయినది కాదు.

“అసలు వీణ్ణి ఎవరు ఆడించమన్నారు మామయ్యా? వీడు వెనక్కి తిరిగేలోపు అవతలివాడు గోలు కొట్టి, ఇంటికెళ్ళి, అన్నం తిని పడుకుంటాడు!” అని మేనల్లుడు.

“అలా అనకు బాబూ. రేటు పెరిగిపోయాక ఎవరికైనా టెన్షనే. ఒక్క హిట్టు పడనీ, జనం అన్నీ మర్చిపోతారు” అని కో-డైరెక్టరు.

“రేటేందయ్యా రేటు? మా సిటీ పోలీసోళ్ళు జీతం మీదనే ఆడి, ఐదేండ్లు వరసగా రోవర్స్ కప్పు తెచ్చిండ్రు. 1950 నుంచి 54 దాకా. ఎరికేనా?” అని అధికారిగారు.

ముగ్గురును మూడు విషయములను గూర్చి మాటలాడుచు, ఒక్క దానినే చర్చించుచున్నామని నమ్మి, గంటలకొలది ఏకీభవింపకపోవుట చూచువారికి కన్నుల పండువు. ఒకనాటి రాత్రి మేనల్లుడు ప్రత్యక్ష ప్రమాణమునకు దిగి, నాలుగు ఉస్మానియా బిస్కెట్లను టీపాయిపై వరుసగా పేర్చి, అంచు విరిగినదానిని మగ్వైర్‌గా నియమించి, చూపుడువ్రేలిని ప్రత్యర్థిగా నడిపించుకొనివచ్చి, “ఇదిగో, ఇక్కడ ఈ ఖాళీ చూడండి!” అని నిరూపించుచుండెను. ఇంతలో అధికారిగారు టీవీనుండి చూపు మరల్చకయే చేయి చాచి, మగ్వైర్‌ను తీసి, చాయలో ముంచి, ఆరగించిరి. సాక్ష్యము లోపించినందున నాటి విచారణ వాయిదా పడెను.

ఇట్లుండగా 2025 ఏప్రిల్ 17 వచ్చెను. యూరోపా లీగ్ క్వార్టర్ ఫైనల్. ప్రత్యర్థి ఫ్రాన్సు దేశపు లియాన్ జట్టు. ఆట మనకు అర్ధరాత్రి దాటిన పిదప మొదలగుటచే, న్యాయస్థానము అసాధారణముగా సమావేశమయ్యెను. యునైటెడ్ రెండు గోలులు ముందుండి, రెండును పోగొట్టుకొని, అదనపు సమయములో, పదిమందితోనే ఆడుచున్న లియాన్‌కు మరి రెండు సమర్పించుకొని, 2–4తో నిలిచెను. తెల్లవారుజామున మూడు కావచ్చినది. అప్పుడు కోచ్ రూబెన్ అమోరిమ్ మగ్వైర్‌ను వెనుకనుండి తీసి ఫార్వర్డు శ్రేణిలోనికి పంపెను.

“అయిపోయింది మామయ్యా! గోలు కాపాడటమే రానివాణ్ణి గోలు కొట్టమని పంపించాడు!” అని మేనల్లుడు తలపై చేతులు పెట్టుకొనెను.

అంతవరకు కునుకుచున్న అధికారిగారు కన్నులు తెరచి, “జర్నైల్!” అనిరి, అని, మరియొకరికి సందీయక కథ నెత్తుకొనిరి.

1962 ఆసియా క్రీడలకు జకార్తా వెళ్ళిన భారత జట్టు మొదటి ఆటలోనే దక్షిణ కొరియా చేత 0–2తో దెబ్బతినెను. థాయిలాండుతో ఆడునప్పుడు, రక్షణకు ఆయువుపట్టైన జర్నైల్ సింగ్ తల పగిలి కుట్లు పడెను. కోచ్ మన హైదరాబాదు వాడైన సయ్యద్ అబ్దుల్ రహీం. ఒకప్పటి బడిపంతులు, సిటీ పోలీసు జట్టును తీర్చిదిద్దిన దిట్ట, అప్పటికే క్యాన్సరు దేహమును తొలుచుచున్నవాడు. కుట్ల తలతోనున్న డిఫెండరును ఏమి చేయవలెను? మా మేనల్లుడైనచో తక్షణమే ఇంటికి టిక్కెట్టు కొనియుండును. రహీం అతనిని సెంటర్ ఫార్వర్డుగా నిలిపెను! సెమీఫైనల్లో దక్షిణ వియత్నాముపై ఒక గోలు, సెప్టెంబరు 4న ఫైనల్లో అదే కొరియాపై ఒక గోలు ఆ కుట్ల తలవాడు సాధించెను, పి.కె. బెనర్జీ గోలుతో కలిపి 2–1, బంగారు పతకము. ఆ ఫైనల్లోనే, ఫ్లూ జ్వరమునుండి లేచిన పీటర్ తంగరాజ్‌ను, అంతవరకు బాగుగానే ఆడుచున్న ప్రద్యోత్ బర్మన్‌కు బదులుగా, గోలు కాచుటకు పంపినవాడును రహీమే. మరుసటి యేడు జూన్‌లో రహీం కన్నుమూసెను. అధికారిగారి లెక్కలో ఆటయు ఆయనతోడనే పోయెను.

“మా అమ్ముగూడ బలరాం సుత ఆ టీములనే ఉండె” అని ఆయన ముక్తాయించుచుండగా గాని మేము టీవీవంక చూడలేదు. చూచుసరికి ఒక పెనాల్టీ, ఒక గోలు గడచిపోయి 4–4 అయియున్నది. మరు నిమిషముననే కాసెమిరో బంతిని గాలిలోనికి లేపెను; అందరికంటె ఎత్తుగా ఒక తల లేచెను. ఘనా పార్లమెంటు నవ్విన తల, 8 కోట్ల పౌండ్ల తల, మా టీపాయిపై అంచు విరిగిన తల. 5–4!

“నేను ముందే చెప్పలేదా మామయ్యా!” అని మేనల్లుడు వేసిన కేకకు వాచ్‌మన్ కర్రతో పైకి పరుగెత్తి వచ్చెను.

కో-డైరెక్టరు మాత్రము గంభీరముగా, “ఇది మా ఫిలింనగర్ కథే సార్. జగపతిబాబుగారు లేరూ?” అనెను. నిజమే. ఏండ్లతరబడి కుటుంబకథాచిత్రముల కథానాయకుడై, స్త్రీ ప్రేక్షకుల మన్నన పొంది, క్రమముగా వెనుకబడిన ఆ నటుని పని అయిపోయినదని టీ బడ్డీలు ఏకగ్రీవముగా తీర్మానించిన పిమ్మట, 2014లో ‘లెజెండ్’ చిత్రమున నెరసిన గడ్డముతో ప్రతినాయకుడై బాలకృష్ణకు ఎదురు నిలిచెను. తిరిగి చూచుకొను తీరిక అటుపై అతనికి దొరకలేదు.

ఇంతకాలము మేము విచారించినది ఒక్కటే ప్రశ్న: ఇతడు ఉండవలెనా, పోవలెనా? ఎచ్చట ఉండవలెనని అడిగినవాడు మాలో లేడు. అడుగమి వింతయు కాదు. సోఫాలో కూర్చున్నవానికి ఆటగానిని తీసివేయుట దమ్మిడీ ఖర్చులేని పని; తీసివేసిన మరునాడు ఆ చోట నిలిచి ఆడవలసినవాడు తాను కాడు గదా! కోచ్‌కో, చేతిలోనున్న పదునొకండుగురు తప్ప దిక్కు లేదు; వారిలో ఒకడు కుంటువాడైనను, ఒకడు కుట్లవాడైనను, వానితో ఏమి చేయింపవచ్చునని ఆలోచింపక గత్యంతరము లేదు. అట్లని స్థానము మార్చిన ప్రతివాడును జర్నైల్ సింగ్ కాడు. విలను వేషము కట్టి అందునను ఓడినవారు ఫిలింనగర్‌లో కోకొల్లలు. ఐనను పరీక్షించి చూడనిదే ఆ సంగతి తేలదు; పరీక్షింపకయే తేల్చుట మా విద్య.

ఆ కేకలకు నిద్రలేచి వచ్చిన మా యావిడ ఒక్క చూపులో పరిస్థితి గ్రహించి, “ఇన్నేళ్ళుగా ఆ సోఫాలో కూచుని నువ్వు గెలిపించిన మ్యాచ్ ఒక్కటీ లేదు గానీ, లే నాయనా, వెళ్ళి ఆ పాలు పొయ్యి మీద పెట్టు” అని మేనల్లునితో అనెను. గొణుగుకొనుచు లోనికి పోయినవాడు పది నిమిషములలో తెచ్చిన చాయ్ అమృతోపమానము! అధికారిగారు రెండవ గ్లాసు అడిగిరి. నాటినుండియు ఆట జరుగు రాత్రులందు అతని స్థానము వంటింట ఖాయమైనది. తాను స్వభావసిద్ధముగా సోఫా ఆటగాడననియు, వంటింటినుండి గోలులు కనబడవనియు అతడెంత మొరపెట్టుకొనినను, “నాకు రాదు అత్తయ్యా!” యని ఎంత బుకాయించినను, ఆమె నిర్ణయముపై అప్పీలు లేదు. నన్ను గూర్చియు ఆమె యేదో యోచించుచున్నట్లున్నది. నిన్న ఉదయము చీపురు వంకను, నా వంకను మార్చి మార్చి చూచినది.