మెల్‌రోజ్ వెన్నెల

పాత ఇంగ్లీషు ఎన్‌గ్రేవింగుల్లో ఎంతసేపు చూసినా నాకు తనివి తీరనిది మెల్‌రోజ్ మఠం. స్కాట్లండ్ రాజు మొదటి డేవిడ్ 1136లో నెలకొల్పిన క్రైస్తవ మఠమది. బొమ్మ గీసేనాటికే పాడుబడిపోయింది. తూర్పు కిటికీలో అద్దాలు పోయి, తీగలు అల్లినట్టుండే రాతి చట్రం మాత్రం మిగిలింది. దాని మీద నిండు వెన్నెల. దగ్గరగా చూస్తే ఆ పనితనం తెలుస్తుంది. నీడ కావలసినచోట లోహపు రేకు మీద వెంట్రుకంత సన్నటి గీతలు ఒత్తుగా చెక్కారు. వెన్నెల పడ్డచోట ఉలి ఆనించనే లేదు. సిరా అంటని ఉత్త కాగితమే అక్కడ వెన్నెల!

ఆ వెన్నెల పిచ్చి జనానికి ఎక్కించినవాడు కవి వాల్టర్ స్కాట్. 1805లో అచ్చయిన 'ది లే ఆఫ్ ది లాస్ట్ మిన్‌స్ట్రెల్' కావ్యంలో, మెల్‌రోజ్ అందం చూడాలంటే పగలు కాదు, వెన్నెల రాత్రి ఒంటరిగా వెళ్లి చూడాలన్నాడు. పుస్తకం విపరీతంగా అమ్ముడుపోయింది. చదివినవాళ్లు బండ్లు కట్టించుకుని మరీ వచ్చేవారు.

మఠం తాళంచెవి జానీ బవర్ అనే పెద్దాయన దగ్గర ఉండేది. కావ్యంలోని పాదాలు ఆయనకు కంఠతా వచ్చు. ఏ పాదం ఏ రాతి గురించో చేత్తో చూపించేవాడు. మరి చంద్రుడు లేని రాత్రి ఎవరైనా వస్తే? పొడుగాటి కర్ర చివర కొవ్వొత్తి గుచ్చి, వెలిగించి, పైకెత్తి పట్టుకునేవాడు. 1817లో అక్కడికి వెళ్లిన అమెరికన్ రచయిత వాషింగ్టన్ ఇర్వింగ్ ఈ సంగతి రాసిపెట్టాడు. చంద్రుడైతే ఒక పక్కనే వెలుగిస్తాడు, కొవ్వొత్తినైతే ఎటు కావాలంటే అటు తిప్పి మూలమూలా చూపించవచ్చు అనేవాడట బవర్. అంతదూరం వచ్చినవాళ్లను చీకట్లో వెనక్కి పంపకూడదని ఆయన పడ్డ తాపత్రయం నాకెంతో నచ్చింది.

స్కాట్‌కు ఆ మఠం పెరటి చెట్టు లాంటిది. ఆయన అబట్స్‌ఫర్డ్ ఇంటికి అది ఐదు కిలోమీటర్ల లోపే. 1822లో ఆ శిథిలాలకు మరమ్మతులు కూడా దగ్గరుండి చేయించాడు.

ఒకసారి బెర్నార్డ్ బార్టన్ అనే కవి, ఆ వెన్నెల పాదాలను స్వదస్తూరీతో రాసి పంపమని స్కాట్‌ను కోరాడు. ఆయన కాదనలేదు. శ్రద్ధగా రాశాడు. కానీ చివరి పాదాలు తీసేసి, వాటి స్థానంలో కొత్తవి కట్టి పంపాడు. వాటి సారాంశమిది: వెళ్లండి, చూసి పరవశించండి. ఈ పాదాలు రాసినవాడు మాత్రం ఆ దృశ్యం ఎన్నడూ చూడలేదు. మధ్యాహ్నం కనిపించేదాని కోసం వెన్నెల్లో తిరిగే అలవాటు అతనికి లేదు.