మస్టర్ పడ్డ అక్షరాలు

ఇంటర్‌లో మార్కులు బాగా పడతాయని ఫ్రెంచి తీసుకున్న పుణ్యానికి, సెలవులకు గోదావరిఖని వస్తే చాలు, సింగరేణి బొగ్గు గనుల కాలనీ పిల్లలకు నేనే ఫ్రెంచి పంతులమ్మను. వాళ్లకు ఆ భాషెందుకని అడక్కండి. రామగుండం ఎండల్లో పిల్లలు ఎక్కడో ఒకచోట నీడపట్టున కూర్చుంటే అదే పదివేలని తల్లుల లెక్క.

మొదటి పేచీ స్పెల్లింగుతో. నీళ్లకు ఈ, ఏ, యూ అని రాసి 'ఓ' అనాలి. రాసిన మూడింట్లో 'ఓ' ఎక్కడుందో నాకూ తెలీదు. పక్షులకైతే ఏడక్షరాలు పేర్చి 'వాజో' అని సరిపెట్టుకోవాలి. రాసిందల్లా పలికే తెలుగు పిల్లలు ఊరుకుంటారా?

"మిగిలినయి ఏం జేస్తయక్కా?"

నేను నోరు తెరిచేలోపు, ఫస్ట్ షిఫ్ట్ నుంచి వచ్చి అన్నం తింటున్న మా బాబాయి, "మస్టర్ పడి బాయిల దిగయి" అన్నాడు. హాజరు వేయించుకుని గనిలోకి దిగని బాపతన్నమాట. అంతే, పాఠం అర్థమైపోయింది. ఇప్పుడు మాట చివర పలకని టీ కనబడితే మావాళ్లకది 'మస్టర్ టీ'. అయినా స్పెల్లింగులో మేమేం తక్కువ తిన్నాం? ఎనిమిదో ఇంక్లైన్ గని పక్కన కట్టిన ఎయిట్ ఇంక్లైన్ కాలనీ జనం నోళ్లలో నలిగి యైటింక్లయిన్ అయి, ఇంగ్లీషులో 'వై'తో బోర్డులెక్కి కూర్చుంది.

తర్వాత ఆడా మగా తగువు. ఫ్రెంచిలో బొగ్గు మగ, గని ఆడ. మన దేశంలో గనుల చట్టం వచ్చిన 1952 నుంచి 2019 దాకా ఆడవాళ్లను భూగర్భ గనుల్లో పనికి దిగనివ్వలేదని చెప్పానో లేదో, పక్క క్వార్టర్ పిల్ల లేచింది: "బాయే ఆడదైతే, మరి దాన్నెట్ల రానిచ్చిండ్రు?"

తాతకు మాత్రం ఏ సందేహమూ లేదు. 1980ల చివర్లో సింగరేణి పదో ఇంక్లైన్‌లో ఫ్రాన్సు బొగ్గు సంస్థ సాయంతో బ్లాస్టింగ్ గ్యాలరీ పద్ధతి పెట్టారు. దళసరి పొరలో కప్పు బొగ్గును పేల్చి కిందికి దింపి, రిమోట్‌తో నడిచే బండితో ఎత్తడం. తాత అక్కడ పనిచేశాడు కనక ఫ్రెంచి తనకు వచ్చినట్టే లెక్క. ఫ్రాన్సులో ఆఖరి బొగ్గు గని 2004లోనే మూతపడిందని చెబితే, "ఇగ మనమే నేర్పాలె వాళ్లకు" అన్నాడు.

అంకెల దగ్గర నేను చెమటోడ్చాల్సి వస్తుందనుకున్నాను. ఎనభై అంటే నాలుగు ఇరవైలు, తొంభై అంటే నాలుగు ఇరవైల పది, తొంభై ఏడంటే నాలుగు ఇరవైల పదిహేడు. పిల్లలు తెల్లమొహాలేశారు. గడప మీది నుంచి నానమ్మ, "పిడకలు గట్లనే గద లెక్కవెడ్తం" అని, తొంభై తొమ్మిది దాకా తెలుగులోనే ఫ్రెంచి అంకెలు గడగడా అప్పజెప్పింది.

మర్నాటి నుంచి అంకెల పీరియడ్ ఆమెదే. ఫీజు వక్కాకు.