ఓటమి కోసం ఒలింపిక్స్

ఆడలేక మద్దెల ఓడు అనేవాళ్లు ప్రతి ఊళ్లోనూ ఉంటారు. బ్రహ్మాండంగా ఆడగలిగీ, ఎలాగైనా ఓడిపోవాలని చెమటోడ్చేవాళ్లను చూసే భాగ్యం మాత్రం 2012 జూలై 31న లండన్ వెంబ్లీ అరీనాలో టికెట్టు కొన్నవాళ్లకే దక్కింది.

ఒలింపిక్స్ బ్యాడ్మింటన్, మహిళల డబుల్స్. ఒకవైపు చైనా జోడీ వాంగ్ షియావోలి, యూ యాంగ్. అప్పటి ప్రపంచ చాంపియన్లు, టాప్ సీడ్. అవతల దక్షిణ కొరియా జోడీ. నిద్రలో లేపి అడిగినా షటిల్‌ను గీత మీద పడేసే ఆ చేతులకు ఆ రోజు ఐదడుగుల నెట్ దాటించడం చేతకాలేదు. సర్వీసు చేస్తే నెట్‌లోకి, కాస్త బలం పెడితే కోర్టు బయటికి. తొలి గేమ్‌లో అన్నిటికంటే పొడవైన ర్యాలీ నాలుగు షాట్లు. మన అపార్ట్‌మెంట్ సెల్లార్లలో కొత్తగా రాకెట్ పట్టిన పిల్లలు అంతకంటే ఎక్కువే ఆడతారు. జనం గోల చేశారు. రిఫరీ కోర్టులోకొచ్చి మందలించాడు. హోరాహోరీ పోరాడి, చివరికి చైనాయే ఓడింది. పాపం కొరియా, గెలుపు తప్పించుకోలేకపోయింది.

ఇంత శ్రమ దేనికయ్యా అంటే, రెండు జోడీలూ అప్పటికే క్వార్టర్స్ చేరిపోయాయి. చైనాదే రెండో జోడీ డెన్మార్క్ చేతిలో అనుకోకుండా ఓడి, తన గ్రూపులో రెండో స్థానానికి జారింది. ఇక్కడ గెలిస్తే సెమీస్‌లో వాళ్లే ఎదురవుతారు. ఓడితే ఫైనల్ దాకా ఆ బెడద లేదు. కాసేపటికి మరో కొరియా జోడీ, ఇండోనేషియా జోడీ అదే నాటకం వేశాయి. రిఫరీ ఆట నుంచి వెళ్లగొట్టే బ్లాక్ కార్డు తీసి చూపించి, మళ్లీ వెనక్కి తీసుకున్నాడు. కార్డు కూడా ఓడిపోవాలనే అనుకుందేమో!

తర్వాతి మ్యాచ్‌ల కోసం సత్తువ దాచుకున్నామని యూ యాంగ్ సంజాయిషీ. పొదుపు మంచిదే. టికెట్టు కొన్నవాళ్లకే ఆ అవకాశం లేకపోయింది.

మర్నాడు ఎనిమిది మందినీ బయటికి పంపారు. శక్తివంచన లేకుండా ఆడలేదన్నది అభియోగం. ఇది అన్యాయం. ఓడడానికి వాళ్లు శక్తివంచన లేకుండానే ఆడారు! డబుల్స్‌లో ఓడితే లాభం కలిగేలా ఆ ఏడాదే గ్రూపు పద్ధతి తెచ్చిపెట్టిన పెద్దల ముఖాన మాత్రం ఏ కార్డూ ఆడించలేదు.

మన గుత్తా జ్వాల, అశ్విని పొన్నప్ప మూడింట రెండు మ్యాచ్‌లు గెలిచి, ఒక్క పాయింటు తేడాతో ఇంటిముఖం పట్టారు. తమ గ్రూపులో జపాన్ జోడీ తైపీ చేతిలో ఓడిన తీరు మీద మనవాళ్లు ఫిర్యాదు చేస్తే తోసిపుచ్చారు. మూడుకు మూడూ ఓడిన కెనడా జోడీ మాత్రం బహిష్కృతుల ఖాళీలోంచి క్వార్టర్స్‌లోకొచ్చి, సెమీస్ ఆడి, నాలుగో స్థానంలో నిలిచింది. వాళ్లను అనడానికేం లేదు. నిజాయితీగానే ఓడారు.

వాంగ్, యూ 2013లో మళ్లీ ప్రపంచ చాంపియన్లయ్యారు. రియో ఒలింపిక్స్ నాటికి, గ్రూపులో రెండో స్థానం వచ్చినవాళ్లకు మళ్లీ డ్రా తీసే పద్ధతి పెట్టారు. ఓడి ఎవరి పాలబడతారో ముందుగా తెలియదు కనుక, అందరూ గెలుద్దామనే ఆడుతున్నారు.