శ్రుతి బావ

అండమాన్‌లోని ఫీనిక్స్ బేలో గిటారు ఉన్నవాళ్లు చాలామందే. వాయించేవాళ్లు కొందరు. శ్రుతి చేసేవాడు మాత్రం వీధికొకడు. ఈ వీధిలోవాడు, తాతల నాడు శ్రీకాకుళం వైపు నుంచి ఓడెక్కి వచ్చిన కుటుంబంలో పుట్టి, ఊరందరితో బావా అనిపించుకునేవాడు కాబట్టి మనమూ శ్రుతి బావ అనే అందాం.

డ్యూటీ దిగగానే జెట్టీ వైపు వరండాలో ప్లాస్టిక్ కుర్చీ వేసుకుంటాడు. గిటారు తలకి, శ్రుతి కుదిరితే పచ్చగా వెలిగే ట్యూనర్ తగిలిస్తాడు. అండమాన్‌లో చీకటి తొందరగా పడుతుంది గనక ఆ ట్యూనర్ పచ్చలైటు వీధి చివరికి కూడా కనబడుతుంది.

"ఏటి బావా, వాయిస్తన్నావేటి?"

"ఆగరా. ముందు ఏ ట్యూనింగో తేలాలి కదా."

వాయించాల్సిన పాట 'నీలే నీలే అంబర్ పర్'. 1983లో వచ్చిన 'కలాకార్' సినిమాలోది. పక్కింటి తమిళాయన ఒప్పుకోడు. అది 1982లోనే ఇళయరాజా చేసిన 'ఇళయ నిలా' అంటాడు, ఆయనన్నదే నిజం. కానీ తెలుగు, తమిళం, బెంగాలీ, రాంచీవాళ్లు అందరూ కలిసి మాట్లాడుకునే భాష ఇక్కడ హిందీ. అందుకని పెళ్లిళ్లలో ఆ పాటకి ఫర్మాయిష్ హిందీ పేరుతోనే వస్తుంది. పాటకి ముందు వచ్చే ఆ గిటారు ముక్క వినబడితే చాలు, వడ్డించేవాడు కూడా గరిటె ఆపి చూస్తాడు. ఇ, ఎ, డి, జి, బి, ఇ అనే మామూలు శ్రుతిలో, నేర్చుకునే కుర్రాళ్లందరూ కుస్తీ పట్టి వాయించేదే.

బావ కూడా ఒకప్పుడు వాయించాడు, పర్వాలేదనిపించేట్టే! 2020 ఆగస్టు 10న చెన్నై నుంచి సముద్రం అడుగున వేసిన ఇంటర్నెట్ కేబుల్ ప్రారంభమైంది. అంతవరకూ ఉపగ్రహం మీదుగా నత్తనడకన వచ్చే ఇంటర్నెట్‌లో ఒక పాఠం తెరుచుకునేసరికి భోజనాలవేళ అయ్యేది. కాబట్టి వచ్చిన ఒక్క శ్రుతితోనే కాపురం చేశాడు. కేబుల్ వచ్చింది, ప్రపంచంలో ఉన్న ట్యూనింగులన్నీ వరండాలోకి దిగాయి.

మొదట వచ్చింది డి ఎ డి జి ఎ డి. ఆరో తీగ, రెండో తీగ, ఒకటో తీగ రెండేసి స్వరస్థానాలు దించాలి. 1960ల్లో డేవీ గ్రాహమ్ దాన్ని ప్రచారంలోకి తెచ్చాడని, లెడ్ జెప్పెలిన్ 'కశ్మీర్' దాని మీదే కట్టారని బావ కూరగాయల దుకాణంలో చెప్పాడు. అయితే తీగ దించాక పాత వేళ్ల పట్లన్నీ తప్పుతాయి, మళ్లీ ఓనమాలు దిద్దుకోవాలి. ఆ దిద్దుకోవడం దగ్గరికి వచ్చేసరికి బావకి ఇంకో ట్యూనింగ్ దొరికింది. దాని పేరు ఓపెన్ జి. రోలింగ్ స్టోన్స్ కీత్ రిచర్డ్స్ దానికోసం ఆరో తీగ పీకేసి ఐదు తీగల మీదే వాయిస్తాడని విని, బావా పీకేశాడు. వారం తిరక్కుండా డి ఎ డి జి ఎ డి మీదికి మళ్లీ మనసు పోయింది. పీకిన తీగ అప్పటికే సముద్రపు గాలికి తుప్పెక్కింది. కొత్తది మెయిన్‌లాండ్ నుంచి ఓడలో రావాలి. ఆ రోజుల్లో బావ చాలా ప్రశాంతంగా ఉండేవాడని వీధిలో చెప్పుకుంటారు.

ఇన్ని ట్యూనింగులెందుకని ఎవరైనా అడిగితే సాక్షులకి కొదవలేదు. జోనీ మిచెల్ పదుల కొద్దీ శ్రుతులు వాడిందంటాడు. నిజమే, చిన్నప్పుడు పోలియో వచ్చి ఎడమచెయ్యి బలం తగ్గితే, ఆ చేతికి వీలైన దారి ఆమె వెతుక్కుంది. బావ ఎడమచెయ్యి జెట్టీలో బియ్యం బస్తా ఎత్తుతుంది. పాలకొల్లు శ్రీనివాస్ మేండొలిన్ ఎనిమిది తీగల్ని ఐదు చేశాడంటాడు. చేశాడు, ఆ తర్వాత వాయించాడు కూడా. హవాయిలో తీగలు వదులు చేసుకునే శ్రుతుల్ని కుటుంబాలు గుట్టుగా దాచుకునేవట. "అదీ దీవే, మనదీ దీవే" అంటాడు బావ. ఈయన మాత్రం తన శ్రుతుల్ని పాలవాడికి కూడా చెబుతాడు.

ఇంకా గట్టిగా అడిగితే ఊరినే సాక్ష్యానికి పిలుస్తాడు. 2018లో హేవ్‌లాక్ స్వరాజ్ ద్వీప్ అయింది, 2024లో పోర్ట్ బ్లెయిర్ శ్రీవిజయపురం అయింది, నా రెండో తీగ బి నుంచి ఎ అయితే మీకేం నొప్పి? దీనికి వీధిలో ఎవరి దగ్గరా జవాబు లేదు.

వాళ్లావిడ దగ్గర ఉంది. "బావిలో చేదలాగ దించడం, ఎక్కించడమే గాని, నీల్లెప్పుడు తోడతావయ్యా?"

బావ నొచ్చుకోడు. ఆయన లెక్క ఆయనకుంది. పాట వాయిస్తే తప్పు దొర్లుతుంది, పక్కింటి తమిళాయన కిటికీలోంచి తల పెడతాడు. శ్రుతి చేస్తుంటే ఎవరు వంక పెట్టగలరు? ట్యూనర్ మీద పచ్చలైటు వెలుగుతోంది కదా! జెట్టీలో ఓడ హారన్ మోగితే చెయ్యి పైకెత్తి "బి ఫ్లాట్, కాస్త తక్కువ" అంటాడు. ఓడని కూడా శ్రుతి చెయ్యాలని ఆయన కోరిక.

మొన్న మేనకోడలి పెళ్లిలో నిజంగానే గిటారు చేతికిచ్చారు. బావ లేచి, మైకు సరిచేసి, ఆరో తీగ దించాడు, రెండోది దించాడు, ఒకటోది దించాడు. ఈలోగా తొమ్మిదో క్లాసు కుర్రాడొకడు ఇంకో గిటారు తెచ్చి, కుర్చీ కూడా లేకుండా, ఆ మొదటి ముక్క వాయించేశాడు. రెండుచోట్ల తప్పాడు. జనం చప్పట్లు కొట్టారు. బావ కూడా కొట్టాడు. కొట్టి, "బాగుంది గాని మామూలు ట్యూనింగేరా" అన్నాడు.

మీరు స్వరాజ్ ద్వీప్ పడవకోసం ఫీనిక్స్ బే జెట్టీకి వస్తే ఆ వరండా దారిలో కనబడవచ్చు. నమస్కారం పెట్టండి, పిల్లల చదువులు అడగండి, చేపల ధర అడగండి. ఏ ట్యూనింగ్ అని మాత్రం అడక్కండి. పడవ ఆగదు.