మా ఓడ మునుపటిలా లేదండీ!

సౌతాంప్టన్ రేవులో తాళ్లు విప్పి గంటైనా కాదు. ఇంగ్లండు తీరం ఇంకా కంటికి ఆనుతూనే ఉంటుంది. క్వీన్ మేరీ 2 ఏడో డెక్ మీద, ఓడ చుట్టూ తిరిగి నడవడానికి వేసిన చెక్కల దారిలో, నీలం కోటు పెద్దమనిషి ఒకాయన అప్పుడే పెదవి విరిచేస్తాడు. “మునుపటిలా లేదండీ” అంటాడు. పక్కనున్న ఆవిడ అంతకంటే పాతకాపు. “మీరు చూసిన మునుపేపాటిది లెండి, అసలు మునుపు నేను చూశాను” అని ఆయన నోరు మూయిస్తుంది.

న్యూయార్క్ చేరేదాకా ఈ కచేరీ ఆగదు. అట్లాంటిక్ మీద క్రమం తప్పకుండా అటూ ఇటూ తిరిగే లైనర్ ఇప్పుడు ఇదొక్కటే. దానికి మళ్లీ మళ్లీ వచ్చే జనం ఉన్నారు. వాళ్లు వచ్చేది సముద్రం చూడటానికి కాదు, కిందటిసారికీ ఈసారికీ ఏమేం తగ్గిందో లెక్క రాసుకోవడానికి. ప్రతి పెళ్లికీ అందరికంటే ముందు వచ్చి, మొదటి బంతిలోనే కూర్చుని, గారె చిన్నదైందని గొణిగే మేనమామ లాంటివాళ్లు వీళ్లు. ఓడ నడిపే క్యూనార్డ్ కంపెనీ కూడా ఆ మేనమామకు తగిన మర్యాదే చేస్తుంది. ఒకసారి వస్తే వెండి మెట్టు, తర్వాత బంగారం, ఆపైన ప్లాటినం, చివరికి వజ్రం. ఎంత పాతబడితే అంత హోదా. వజ్రం దాకా ఎక్కినవాడు ఊరికే సణిగితే బాగుండదు, గంభీరంగా నిట్టూర్చాలి.

వీళ్ల మొదటి ఫిర్యాదు, ఓడ మందగించిందని. అది నిజమే. లైనర్ పుట్టిందే వేగం కోసం. 1952లో ‘యునైటెడ్ స్టేట్స్’ అనే ఓడ 3 రోజుల 10 గంటల 40 నిమిషాల్లో ఈ సముద్రాన్ని దాటి, అందరికంటే వేగంగా దాటిన ఓడకు దక్కే బ్లూ రిబాండ్ కొట్టేసింది. 1969లో వచ్చిన క్యూనార్డ్ వారి ఓడ క్యూఈ2కు ఐదు రాత్రులు పట్టేది. 2004లో క్వీన్ మేరీ 2 వచ్చినప్పుడు ఆరు రాత్రులన్నారు. ఇప్పుడు మామూలుగా ఏడు. ఇది కావాలంటే 30 నాట్ల దాకా పరుగెత్తగల ఓడ. దాన్ని ఇరవై చిల్లర నాట్లతో నడిపిస్తే ఇంధనం మిగులుతుంది. ఆ మిగులు సంగతి కంపెనీ బ్రోషర్లో ఉండదు. “కాలం నెమ్మదిగా సాగే విలాసం” అన్న ధోరణిలో ఓ పేజీ ఉంటుంది. ఇంధనం ఖర్చు తగ్గించుకుని, ఆ తగ్గింపునే విలాసమని అమ్మి, దానిమీద ఇంకో రాత్రి అద్దె రాబట్టుకోవడం చిన్న విద్య కాదు. మన ఆర్టీసీ పల్లెవెలుగు బస్సు ఏనాడో నేర్చుకోవాల్సింది.

కానీ పాతకాపు బాధ డబ్బు గురించి కాదు. ఆయనకు వేగం కావాలి. ఎందుకో అడగండి. న్యూయార్క్‌లో ఆయన కోసం ఎవరూ కాచుకుని లేరు. దిగిన రోజే అదే ఓడ మళ్లీ బయల్దేరుతుంటే, చాలాసార్లు ఆయనా తిరిగి అందులోనే కూర్చుంటాడు. తొందరున్న వాళ్ల కోసం 1958లోనే జెట్ విమానాలు అట్లాంటిక్ దాటాయి. అప్పటినుంచే లైనర్ల కడుపు మాడింది. ఈయన ఆ విమానం ఎక్కడు. ఓడలో కూర్చుని ఓడను తొందరపెడతాడు.

గడియారంతో కూడా పేచీయే. అమెరికా వైపు వెళ్తుంటే ఐదు రాత్రులు గంట చొప్పున ముల్లు వెనక్కి తిప్పుతారు. రోజుకు 25 గంటలు. అది ఆయన హక్కు కింద జమ. తిరుగు ప్రయాణంలో ముల్లు ముందుకు తిప్పాలి కదా, ఆ పని పట్టపగలే చేస్తారు. పన్నెండు కొట్టగానే ఒంటిగంట అయిపోతుంది. ఇక చూడాలి ఆ గోల. మధ్యాహ్న భోజనానికి ముందు తీరిగ్గా చప్పరించాల్సిన జిన్‌ను కంపెనీ లాగేసుకుందట. భూమి గుండ్రంగా ఉండటం కూడా యాజమాన్యం పొదుపు చర్యేనని నమ్మేవాళ్లున్నారు.

అన్నిటికంటే పెద్ద గాయం టై. సాయంత్రం ఆరు దాటితే ఓడలో దుస్తుల నియమం మొదలవుతుంది. వారంలో రెండు గాలా రాత్రులు. ఆ రెండిటికీ మగవాళ్లకు ముదురు రంగు కోటూ టై, ఆడవాళ్లకు గౌన్లు. మిగతా రాత్రుల్లో మెడకు టై లేకపోయినా ఇప్పుడు ఎవరూ ఏమీ అనరు. అసలు ముస్తాబే వద్దనుకునేవాళ్లకు బఫే ఉంది, పబ్ ఉంది. పాతకాపుకు ఇది నాగరికత కూలిపోవడంతో సమానం. పక్క బల్ల దగ్గర మెడ విప్పుకుని కూర్చున్న కుర్రాణ్ణి చూస్తే ఆయనకు సూప్ దిగదు.

ఈ రాచఠీవి ఎక్కడ తయారవుతుందో చూడాలంటే మాత్రం గాలా రాత్రికి ముందు లాండ్రీ గదికి వెళ్లాలి. ఈ ఓడలో ప్రయాణికులు సొంతంగా బట్టలు ఉతుక్కోవడానికి ఉచితంగా యంత్రాలుంటాయి. అవి కొన్నే, వాటి చుట్టూ జనం మాత్రం బోలెడు. ప్లాటినం మెట్టు దొరసాని ఇస్త్రీపెట్టె పట్టుకుని భర్తగారి తెల్లచొక్కా మడతల మీద కుస్తీ పడుతుంటుంది. డ్రయర్ తిరగడం ఆగి మూడు నిమిషాలైనా ఎవరో తమ బట్టలు తీయలేదని, వజ్రం మెట్టు పెద్దాయన వాటిని తనే తీసి బల్లమీద కుప్ప పోసేస్తాడు. బట్టలావిడ వస్తుంది. ఇంగ్లీషు మర్యాదలో ఎన్ని తిట్లున్నాయో తెలిసేది అప్పుడే. రెండు గంటల తర్వాత ఆ ఇద్దరే మెట్ల మీద ఎదురై, ఆ చొక్కాల్లో, ఆ గౌన్లలోనే ఒకరికొకరు తల వంచి పలకరించుకుంటారు. స్వర్ణయుగం అంటే అదే కాబోలు.

ఫోన్ల గొడవ ఇక్కడ విప్పను. ఉపగ్రహ ఇంటర్నెట్ వచ్చి సముద్రం ప్రశాంతత చెడగొట్టిందని పాతకాపులు బంధువులకు నడిసముద్రం నుంచి వీడియో కాల్ చేసి చెబుతుంటారు. చాలు.

ఇంతకీ ఆ ‘మునుపు’ ఏ సంవత్సరంలో ఉంది? 2004లో క్వీన్ మేరీ 2 వచ్చినప్పుడు, క్యూఈ2 ఎక్కినవాళ్లకు ఇది ఓడలా కాదు, హోటల్‌లా కనిపించింది. మరి 1969లో క్యూఈ2 వచ్చినప్పుడు? దాని పొగగొట్టానికి క్యూనార్డ్ వారి ఎరుపు రంగు కూడా వేయలేదు, తెల్లగా ఉండేది. 1936 నాటి క్వీన్ మేరీని మరిగినవాళ్లు దాన్నసలు ఓడగా ఒప్పుకోవడానికే తటపటాయించారు. ఇలా వెనక్కి వెనక్కి పోతే 1842 దగ్గర తేలతాం. అప్పటికి శామ్యూల్ క్యూనార్డ్ ఆవిరి ఓడలు నడపడం మొదలుపెట్టి రెండేళ్లు. ఆయన మొదటి ఓడ ‘బ్రిటానియా’లో చార్లెస్ డికెన్స్ బోస్టన్ వెళ్లాడు. క్యాబిన్ చూసి అదిరిపోయాడు, భోజనాల హాలును శవాల బండితో పోల్చాడు. తిరిగి ఇంగ్లండు రావడానికి ఆవిరి ఓడ వద్దని తెరచాప ఓడ ఎక్కాడు. పాతకాపుల మూలపురుషుడు ఆయనే. ఒక్క తేడా ఉంది. నచ్చకపోతే ఆయన నిజంగానే మానేశాడు.

మన దగ్గర తాతలు నేతులు తాగారని మూతులు వాసన చూపించేవాళ్లున్నారు. వాళ్లకు కనీసం తాతలు సొంతం. ఈ ఓడ తాతల సంగతి కొంచెం చిక్కు. బ్రిటిష్ సంప్రదాయం అని అందరూ మురిసిపోయే ఈ ఓడను కట్టింది ఫ్రాన్సులో, సెంట్ నజైర్ రేవులో. క్యూనార్డ్ కంపెనీని 1998లోనే అమెరికా వారి కార్నివాల్ కొనేసింది. 2011లో ఓడ వెనక భాగాన ‘సౌతాంప్టన్’ పేరు చెరిపి ‘హామిల్టన్’ అని రాశారు. అది బెర్ముడాలో ఉంది. అక్కడ నమోదైతే కెప్టెన్ చేత సముద్రం మీద పెళ్లిళ్లు చేయించవచ్చు. అది కంపెనీ చెప్పిన కారణం. ఇక ఓడ కూత ఉంది చూశారా, పొగగొట్టం దగ్గర బిగించిన రెండిటిలో ఒకటి పాత క్వీన్ మేరీ నుంచి అరువు తెచ్చినది. పది మైళ్ల దాకా వినిపిస్తుందంటారు. అది మోగినప్పుడు పాతకాపుల కళ్లు చెమ్మగిల్లుతాయి. కట్టిన కొత్తలోనే జ్ఞాపకాన్ని కూడా బోల్టులేసి బిగించారన్న సంగతి వాళ్లకు తట్టదు. సేవకుల మర్యాదకు కంపెనీ పెట్టుకున్న పేరు ‘వైట్ స్టార్ సర్వీస్’. వైట్ స్టార్ అంటే టైటానిక్ వాళ్లు. 1934లో క్యూనార్డ్‌లో కలిసిపోయారు. టైటానిక్ మూడో తరగతిలో ఏడు వందల పైచిలుకు మందికి స్నానపు తొట్టెలు రెండే. ఆ సర్వీస్ సంగతి పాతకాపులు ఎత్తరు.

నాకు అసలు కోపం వచ్చేది ఇక్కడే. ఈ సముద్రాన్ని మళ్లీ మళ్లీ దాటిన నిజమైన పాతకాపులు మరో రకం మనుషులు. ఇరవయ్యో శతాబ్దం మొదట్లో ఇటలీ దక్షిణం నుంచి వసంతంలో అమెరికా వెళ్లి, రైలు పట్టాలు వేసి, కాలువలు తవ్వి, చలికాలానికి ఇంటికొచ్చి, మళ్లీ వసంతానికి బయల్దేరిన కూలీలు. ఓడ అడుగున, చుక్కాని యంత్రాల పక్కన, వరుస బల్లల మీద పడుకుని వెళ్లారు. వాంతుల వాసనలో, తగరపు గిన్నెలో పెట్టింది తిని వెళ్లారు. అమెరికా అధికారులు వాళ్లకు వలస పక్షులని పేరు పెట్టారు. మొదటి తరగతి, రెండో తరగతి వాళ్లను అధికారులే ఓడెక్కి వచ్చి పరీక్షించేవారు. వీళ్లను మాత్రం పడవల్లో ఎల్లిస్ దీవికి తోలి, బూటు గుండీలు పెట్టే కొక్కెంతో కనురెప్ప తిరగేసి ట్రకోమా అనే కంటిజబ్బు ఉందేమో చూసేవారు. లైనర్ల షోకులన్నిటికీ పైకం చాలావరకు ఆ అడుగు డెక్ టికెట్ల నుంచే వచ్చింది. పైన పియానో మోగింది వాళ్ల డబ్బుతోనే.

1924లో అమెరికా వలస చట్టం ఆ తలుపు మూసేసింది. కంపెనీలు ఖాళీ అయిన అడుగు డెక్‌లకు రంగులేసి, నాలుగు కుర్చీలు పడేసి, ‘టూరిస్ట్ థర్డ్ క్యాబిన్’ అని విద్యార్థులకూ టీచర్లకూ అమ్ముకున్నాయి. సముద్రయానం మునుపటిలా లేదని నిట్టూర్చే హక్కు ఎవరికైనా ఉంటే ఆ కూలీలకుంది. వాళ్లలో ఒక్కడైనా ‘అయ్యో, మునుపటిలా లేదే’ అని ఉంటాడంటే నేను నమ్మను. ఇప్పటి ఓడలోనూ తరగతులు పోలేదు, అన్నం గిన్నెల్లో దాక్కున్నాయి. ఖరీదైన ‘గ్రిల్’ గదుల వాళ్లకు వేరే భోజనశాలలు, వేరే లాంజ్, వేరే డాబా. మిగతావాళ్లు బ్రిటానియా అనే భోజనశాలలో తినాలి. పాతకాపు ఈ గోడలకు వంక పెట్టడు. గోడకు అవతల కుర్రాడు టై విప్పాడని మాత్రం ఏడుస్తాడు.

కాబట్టి కంపెనీకి నాదో మనవి. ఏటా ఒక ప్రయాణాన్ని అచ్చంగా మునుపటిలా నడపండి. అడుగు డెక్‌లో నలభయ్యేసి బల్లలు, గడ్డి పరుపులు, తొట్టెలు రెండు. ఇంటర్నెట్ ఉండదు, లాండ్రీ ఉండదు. న్యూయార్క్‌లో దిగగానే కొక్కెం పట్టుకున్న డాక్టర్ ఉంటాడు. వజ్రం వాళ్లకు ముందు పిలుపు, తర్వాత ప్లాటినం. టై తప్పనిసరి. పై డెక్ మీద ఉన్న కుక్కలను మాత్రం కదిలించకండి. 2016లో వాటి గదులు 12 నుంచి 22కి పెంచి, అమెరికన్ కుక్కకు న్యూయార్క్ ఫైర్ హైడ్రెంట్, బ్రిటిష్ కుక్కకు లివర్‌పూల్ దీపస్తంభం నాటారు కదా. పన్నెండు గదుల రోజులే బాగుండేవని ఇంతవరకూ ఒక్క కుక్కా మొరగలేదు.