గెలుపు సరే, ఇస్త్రీ ఏదీ?

టీవీ క్విజ్‌లో గెలవడానికి ఏం కావాలి? జ్ఞానం అన్నారంటే మీకు ఆట తెలుసేమో గానీ ప్రేక్షకుడు తెలియడు. ఆయన లెక్క వేరు. గెలిచేవాడి చొక్కా ఇస్త్రీ చేసి ఉండాలి. జవాబు తెలిసి ఉండాలి, తెలిసినవాడిలా కనబడకూడదు. డబ్బు గెలవాలి, డబ్బు కోసం వచ్చినట్టు ఉండకూడదు. నవ్వాలి, మరీ నవ్వకూడదు. ఈ నియమాలు ఏ రూలు పుస్తకంలోనూ లేవు. అందుకే వీటిని మీరినవాడికి అప్పీలు కూడా లేదు.

ఈ సంగతి తెలియని ఆర్థర్ చూ 2014 జనవరి చివర్లో అమెరికా టీవీ క్విజ్ ‘జెపర్డీ’లో నలిగిన చొక్కాతో కనబడ్డాడు. ఒహాయో రాష్ట్రంలో ఇన్సూరెన్స్ ఉద్యోగి. వరసగా 11 ఆటలు నెగ్గి మూడు లక్షల డాలర్లకు కాస్త తక్కువగా సంపాదించాడు. చూసినవాళ్లు చప్పట్లు కొట్టాలి కదా? చార్జిషీటు రాశారు.

మొదటి నేరం: వరస తప్పాడు. ఈ ఆటలో బోర్డు మీద ఆరు అంశాలు, ఒక్కో అంశం కింద ఐదు ప్రశ్నలు ఉంటాయి. కిందికి దిగేకొద్దీ ప్రశ్న కష్టం, సొమ్ము ఎక్కువ. మర్యాదస్తులు ఒక అంశం పట్టుకుని పైనుంచి కిందికి మెట్టు మెట్టుగా దిగుతారు. ఈయన ఇక్కడో ప్రశ్న, అక్కడో ప్రశ్న అంటూ బోర్డంతా గెంతాడు. కారణం ఉంది. పందెం కాసుకునే వీలిచ్చే ‘డైలీ డబుల్’ బోర్డులో మొదటి విడతలో ఒకచోట, రెండో విడతలో రెండుచోట్ల దాగి ఉంటుంది. అది ఎక్కువగా కింది వరసల్లోనే దొరుకుతుంది. దొరికే చోట వెతకడం తెలివి అని మనం పిల్లలకు చెబుతాం. టీవీలో ఎవరైనా ఆ పని చేస్తే దాని పేరు అరాచకం. పోనీ ఇదేమన్నా చూ కనిపెట్టిన కుతంత్రమా? 1985లోనే చక్ ఫారెస్ట్ అనే లా విద్యార్థి ఇలా ఆడి నెగ్గాడు. ఆ గెంతుడుకు ఆయన పేరే పెట్టారు. దాదాపు 30 ఏళ్లుగా అందరి కళ్ల ముందూ ఉన్న ఎత్తు, చొక్కా నలిగిన మనిషి చేతిలో పడేసరికి కుట్ర అయిపోయింది.

రెండో నేరం: బజర్ టకటకా నొక్కాడు. హోస్ట్ ప్రశ్న చదవడం పూర్తయ్యేదాకా బజర్ పనిచేయదు. తొందరపడి నొక్కితే పావు సెకను తాళం పడుతుంది. ఆ సందు దొరికేదాకా నొక్కుతూ ఉండటం తప్ప పోటీదారుకు వేరే దారేముంది? ప్రేక్షకుల దృష్టిలో ఉంది: ఒక్కసారి, మృదువుగా, వీలైతే పక్కవాడి తర్వాత నొక్కాలి.

మూడో నేరం: ఐదు డాలర్లు. క్రీడల అంశంలో డైలీ డబుల్ తగిలింది. చూకి క్రీడలు తెలియవు, తెలియవని తెలుసు. అందుకే కాయగలిగినంత తక్కువ పందెం, ఐదు డాలర్లే కాసి, ప్రశ్న రాగానే ‘తెలియదు’ అనేశాడు. తెలియని సంగతి తెలియదని ఇంత తక్కువ ఖర్చుతో ఒప్పుకున్న మనిషిని టీవీలో ఈమధ్య ఎక్కడైనా చూశారా? చర్చా కార్యక్రమాలకు ఇలాంటి పందెం ఒకటి పెడితే సగం గొంతులు మూగబోతాయి. జనం మాత్రం దీన్ని పొగరు అన్నారు.

అన్నిటికన్నా రుచికరమైన నేరం నాలుగోది: స్వార్థం. ఆఖరి ప్రశ్నలో ముందున్నవాడు మామూలుగా రెండోవాడి సొమ్ముకు రెట్టింపు మీద ఒక్క డాలరు ఎక్కువ వచ్చేలా కాస్తాడు. చూ ఆ ఒక్క డాలరు వదిలేశాడు. అలా ఒక ఆట సమానంగా ముగిసింది. అప్పటి రూలు ప్రకారం ఇద్దరూ గెలిచినట్టే. ఇద్దరికీ పూర్తి సొమ్ము దక్కింది, ఇద్దరూ మర్నాటి ఆటకు వచ్చారు. ఎదుటి మనిషి వేల డాలర్లతో ఇంటికెళ్తే తన జేబులోంచి పైసా పోదని లెక్క వేసినవాడికి పెట్టిన పేరు, దయలేని మనిషి! అదే ఏడాది నవంబరులో ఆట వాళ్లు రూలు మార్చి, సమానమైతే ఇంకో ప్రశ్న పెట్టి ఒక్కరినే మిగిల్చే పద్ధతి తెచ్చారు. దాన్ని మాత్రం ఎవరూ దయలేనితనం అనలేదు.

పోనీ, జనానికి లెక్కలు వేసి ఆడటమే గిట్టదా అంటే అదీ కాదు. 2011లో ఇదే ఆటకు ఐబీఎం వాట్సన్ అనే యంత్రం వచ్చింది. అదీ బోర్డంతా గెంతి డైలీ డబుల్స్ వేటాడింది. ఒకసారి 6,435 డాలర్లు కాసింది. ఎందుకంత విడ్డూరమైన అంకె అని ఎవరూ గొడవ పడలేదు, మురిపెంగా నవ్వారు. అమెరికా నగరం పేరు చెప్పమంటే కెనడాలోని టొరంటో అన్నది. అప్పుడూ ముద్దొచ్చింది. యంత్రం చేస్తే మేధ, మనిషి చేస్తే మోసం. పైగా యంత్రానికి చొక్కా లేదు, నలిగే ప్రమాదం లేదు.

ఇంకో వినోదం. ఈ ఆటలు రోజుకు ఐదు చొప్పున చాలా ముందే చిత్రీకరిస్తారు. మధ్యలో వేరే పోటీలు ప్రసారమై చూ ఆట మూడు వారాలు ఆగింది. ఆ మూడు వారాలూ ‘వీడు ఓడిపోవాలి’ అని మొక్కుకున్నవాళ్లు ఉన్నారు. ఎప్పుడో ముగిసిన ఆటకు ఇప్పుడు శాపనార్థాలు పెట్టారన్నమాట. ఆ తిట్లలో ఆయన మొహాన్నీ, చైనా మూలాల్నీ వెక్కిరించినవీ ఉన్నాయి. స్పెల్లింగ్ బీలో భారత సంతతి పిల్లలు గెలిచిన ప్రతిసారీ ‘అసలు అమెరికన్లు ఏరీ’ అనే గొంతు లేస్తుంది. గెలిచినవాళ్లలో తెలుగువారి పిల్లలూ ఉన్నారు కనుక ఈ పాఠం మనకు కొత్త కాదు. కొందరికి మర్యాద తప్పడానికి బజర్ నొక్కనక్కర్లేదు, కనబడితే చాలు.

ఇది ఒక్క మనిషి కథ అయితే వదిలేయొచ్చు. 2019లో లాస్ వేగస్ పందెంరాయుడు జేమ్స్ హోల్జ్‌హౌర్ కింది వరస నుంచి మొదలుపెట్టి 32 ఆటల్లో 24,62,216 డాలర్లు గెలిచాడు. వాషింగ్టన్ పోస్ట్‌లో ఓ కాలమిస్టు ఆయన్ని ఆటకు పట్టిన పీడగా తేల్చాడు. 2021లో మ్యాట్ అమోడియో 38 ఆటలు గెలిచాడు. ఈ ఆటలో జవాబును ప్రశ్న రూపంలో చెప్పాలి. ఆయన మనుషుల పేర్లకు కూడా ‘హూ ఈజ్’ అనకుండా ‘వాట్స్’ అని చెప్పడమే ప్రేక్షకుల బాధ. రూలు ఒప్పుకుంటుందని ఆట వాళ్లే చెప్పాల్సి వచ్చింది. అయినా రూలు ఎవరికి కావాలి?

‘ఆటను పాడుచేశాడు’ అనే మాటలో అసలు బాధ వేరే ఉంది. క్విజ్ చూసేవాడు చూడడు, ఆడతాడు. సోఫాలో, చేతిలో టీతో, ఇంట్లోవాళ్ల ముందు. మన కోటీశ్వరుల ఆటల్లో ఆయనకు ఏ లోటూ లేదు. నాగార్జున అడిగినా, ఎన్టీఆర్ అడిగినా హాట్ సీట్లో ఉండేది ఒక్కరే. నాలుగు ఆప్షన్లు ఉంటాయి, జవాబు లాక్ చేసేలోపు కుశల ప్రశ్నలు, కన్నీళ్లు, ప్రకటనలు అన్నీ వస్తాయి. ఈలోగా ఇంటిల్లిపాదీ వాదించుకుని ‘నేను ముందే బి అన్నానుగా’ అని నెగ్గొచ్చు. చూ లాంటివాడు ఆ వ్యవధి ఇవ్వడు. రాజుల చరిత్ర నుంచి రసాయన శాస్త్రానికి గెంతేసరికి సోఫా వీరుడి నోట్లో జవాబు నోట్లోనే ఉండిపోతుంది.

ఇది నిజమైన నష్టమే, కాదనను. ఫిర్యాదు కూడా చేసుకోవచ్చు. కాకపోతే చొక్కా మీద, బజర్ మీద, ఆట పవిత్రత మీద కాకుండా ఉన్నదున్నట్టు రాయండి: ‘అయ్యా, ఇన్నేళ్లుగా మా ఇంట్లో నేనే విజేతను. ఆ మనిషి వచ్చాక మా ఆవిడకు అనుమానం మొదలైంది.’